మసి కడిగిన వాసాలు

మా ఇంట్లో రోలు లేదు. ఒకప్పుడు ఉండేది. పదేళ్ళు నేను పచ్చళ్ళు నూరిన ఆ రోలు ఇప్పుడు ఊరి చివర మామిడితోటలో, ఒక రేకు చీటీ పక్కన పెద్దమనిషిలా కూర్చుంది. "రోలు, పొత్రం. ముట్టుకోరాదు" అని ఆ చీటీ మీద మావారి గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంటుంది. రోలు తరవాత చేట వెళ్ళింది, కవ్వం వెళ్ళింది, మా పుట్టింటివారు ఇచ్చిన ఇత్తడి గంగాళం కూడా వెళ్ళింది. కాసేపు కదలకుండా కూర్చుంటే నాకూ ఒక చీటీ తగిలిస్తారేమోనన్న భయంతో, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నేను ఏదో ఒక పని చేస్తూనే ఉంటాను.

మావారి పేరు మన్మథరావు. టెక్కలిలో పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతారు. పేరు పెట్టినవాళ్ళ ఆశలు వేరు, ఆయన అలవాట్లు వేరు. చుట్ట లేదు, పేకాట లేదు, కోపం లేదు. తప్పు కూడా లేదు. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో "నాది పొరపాటు" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. పలాసలో బండి తప్పిపోతే, బండి ముందుగా వచ్చిందంటారు. పోయిన ఏడు ఏదో కరపత్రం చదివి మా వంటింట్లో పొగ రాని పొయ్యి కట్టించారు. ఆ పొయ్యికి గొట్టంలోంచి తప్ప అన్ని వైపుల నుంచీ పొగ వస్తుంది. "కట్టెలు తడిగా ఉన్నాయి" అన్నారు. రోహిణీకార్తెలో.

ఇక ఆ మామిడితోట సంగతి. మన జిల్లాలో ఇళ్ళు కట్టే తీరులన్నీ, చేతిపనులన్నీ ఒకచోట ఆరుబయట నిలబెట్టి జనానికి చూపించాలని ఒక సంఘం పెట్టుకున్నారు. మావారు దానికి కార్యదర్శి. అధ్యక్షులు త్రినాథరావుగారు, పెద్ద రైతు. కొండమీది సవరల ఇల్లు, గోడమీద వాళ్ళ బొమ్మలతో సహా వచ్చింది. గుంటమగ్గంతో నేతపని ఇల్లు వచ్చింది. సముద్రపు ఒడ్డునుంచి జాలరి పాక వచ్చింది. అన్నిటికీ నడుమ ఉద్దానం చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు కప్పు, తల వంచితే తప్ప దూరనివ్వని గుమ్మం. మావారు దీనికి ఏదో సంస్కృతం పేరు పెట్టారు గాని, ఊరివాళ్ళు "బొమ్మిళ్ళు" అంటారు.

ఆ చుట్టిల్లు మా అత్త పుట్టిల్లు. కంచిలి దగ్గర ఆవిడ అన్నగారు మిద్దె కట్టుకుంటూ పాత ఇల్లు విప్పించేస్తే, మావారు దాని గుమ్మం, దూలం, తాటివాసాలు నాలుగు ఎడ్లబళ్ళ మీద టెక్కలికి తెచ్చి, ఇక్కడ కొత్తగా గోడ లేపి నిలబెట్టారు. అప్పుడు మా అత్త మహాలక్ష్మమ్మగారు అన్నగారింటి దగ్గరే ఉన్నారు. ఆషాఢంలో తిరిగి వచ్చాక, ఒక ఆదివారం మేమిద్దరం మావారి వెంట ఆ ఇల్లు చూడడానికి వెళ్ళాం.

మా అత్త గురించి ఒక్క మాట. ఆవిడకి చెవుడు. ఆ చెవుడు ఆవిడ చెప్పుచేతల్లో ఉంటుంది. పక్కవీధిలో ఎవరైనా గుసగుసలాడితే వినిపిస్తుంది. నచ్చని మాట ఎదుట నిలబడి అరిచినా వినిపించదు.

అందరూ తల కొట్టుకునే ఆ గుమ్మంలో ఆవిడ చూడకుండానే వంగి లోపలికి వెళ్ళింది. గోడకున్న మేకు మీదికి చెయ్యి దానంతట అదే వెళ్ళింది. అక్కడ వాళ్ళమ్మ కవ్వం తాడు తగిలించేదట. తరవాత తల పైకెత్తింది. ఎత్తిన తల దించలేదు.

"ఒరే బాబూ, మసి ఏదిరా?"

"కడిగించానమ్మా" అన్నారు మావారు, మెచ్చుకుంటుందన్న ఆశతో. "కుంకుడురసం, కొబ్బరిపీచు. నలుగురు మనుషులు అయిదు రోజులు తోమారు. ఇప్పుడు చూడు, ఉలి దెబ్బలు ఎంత బాగా కనిపిస్తున్నాయో."

"అరవయ్యేళ్ళ మసిరా అది."

"అవును, అంత మురికి పట్టింది మరి."

"మురికి కాదురా, మందు. అదుంటే పురుగు ఆ కర్ర జోలికెల్లదు. పొయ్యి ఎలిగించనేదేటి ఇక్కడ?"

"నిప్పు పనికిరాదమ్మా. బోర్డు పెట్టాంగా."

"బోర్డు సూసి పురుగు ఆగిపోతాదేటి? దానికి సదువొచ్చా?"

అంతలో ఆవిడ భుజం మీద తెల్లగా ఏదో రాలింది. మావారు "దుమ్ము" అన్నారు. ఆవిడ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "దుమ్ము కాదు, పిండి. మాయయ్య ఇంటిని పురుగు తినేత్తంది" అంది.

మా వెనకే గుమ్మంలోకి వచ్చిన త్రినాథరావుగారు అందుకున్నారు. "అదే నేనూ అన్నాను మాష్టారూ! కార్తీకంలో విశాఖపట్నం నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తన్నారు. వాసాలు పుచ్చినాయని ఆయన ఒక్క మాటంటే సాలు, ఈ కప్పంతా పీకించీసి జింకు రేకులు ఏయించెత్తాను. వందేళ్ళు సూసుకోనక్కర్నేదు."

మా అత్తకి ఆ మాట చక్కగా వినిపించింది. ఇంటికి వచ్చాం. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ అంది: "రేకులేత్తే అది మాయిల్లు కాదు కామేశరీ. రైలు టేసను."

ఆ రాత్రి అన్నం తినలేదు. కడుపులో బాగాలేదంది. తెల్లవారినా బాగుపడలేదు. ఆనాటినుంచి పెట్టినదాంట్లో సగం వదిలేసేది.

మావారు డి.డి.టి. తెప్పించి వాసాలకి కొట్టించారు. బల్లులు చచ్చాయి. పిండి రాలుతూనే ఉంది. "మందు పని చెయ్యడానికి వ్యవధి పడుతుంది" అన్నారు.

నేను బి.ఏ. చదివాను. నాకు తెలిసిన చదువంతా మావారి పక్షానే ఉంది. కాని పిండి మా అత్త పక్షాన రాలుతోంది. మావారితో వాదించి గెలిచినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. వాదించకుండా గెలవరాదని మాత్రం ఎక్కడా బోర్డు లేదు.

బొమ్మిళ్ళకి జనాన్ని రానిచ్చేది ఆదివారాలే. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది కాపలా పోలారావు ఒక్కడే. సోమవారం మావారు బడికి వెళ్ళగానే మేమిద్దరం కొబ్బరి డొక్కల బుట్టతో వెళ్ళి నిలబడ్డాం.

"బాబోయ్, మాష్టారికి తెలిత్తే నా నౌకరీ ఊడిపోద్దమ్మా" అన్నాడు పోలారావు.

"ఆడు నా కొడుకురా. నిన్ను తీసేత్తే ఆడిని నా ఇంట్లోంచి తీసేత్తాను" అంది మా అత్త. ఆ హామీ అతనికి సరిపోయింది.

బొమ్మగా పెట్టిన పొయ్యి మీది ముగ్గు చెరిపి, రెండు డొక్కలు పెట్టి, పైన గుప్పెడు జీడిపిక్కల తొక్క వేసింది. ఆ పొగ కళ్ళల్లో సూదులు పెట్టినట్టుంది. "దీనికి పురుగే కాదు, సుట్టాలు కూడా ఉండరు" అంటూ మమ్మల్ని బయటికి తోలింది. పోలారావు చేత వెదురుకర్రకి గుడ్డ కట్టించి, పడవలకి పూసే జీడినూనె ప్రతి వాసానికీ రాయించింది. అది మొదటిరోజు పని.

రెండోరోజు చిక్కు వచ్చింది. మొదటిరోజు మందు గనక చెల్లిందట గాని, రోజూ ఒట్టి పొయ్యి ముట్టించకూడదట. నిప్పు రాజేశాక దానిమీద ఏదో ఒకటి ఉడకాలి, లేకపోతే ఇంటికి అరిష్టమట. సరే, జీడితొక్క మానేసి వట్టి డొక్కలతో అంబలి కాచాం. పోలారావు తాగాడు. మర్నాడు అన్నం, పప్పు. ఆ మర్నాడు, ఆవిడ ఉద్దానం నుంచి మన్ను పూసి దాచి తెచ్చుకున్న పనసపిక్కలతో కూర. మసాలా నూరుకోవడానికి నా రోలు అక్కడే ఉండనే ఉంది. చీటీ అటువైపు తిప్పి నూరాను.

ఇంత వంట పోలారావు ఒక్కడూ ఏం తింటాడు? మావారి క్యారేజీ కూడా అక్కడినుంచే బడికి వెళ్ళడం మొదలైంది.

ఆ సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూనే అన్నారు: "ఈ వేళ పనసపిక్కల కూర అద్భుతం. చూశావా, పొగ రాని పొయ్యి మీద వండితే రుచే వేరు!"

"ఆ పొయ్యి రుచే వేరండీ" అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

"నీ చీర పొగ వాసన వేస్తోందేం?"

"కట్టెలు తడిగా ఉన్నాయండీ."

ఆయన తృప్తిగా తల ఊపారు.

అలా శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం గడిచాయి. శనివారం సాయంత్రం పొయ్యికి ముగ్గు వేసి, బూడిద ఎత్తి, బోర్డు తుడిచి వచ్చేవాళ్ళం. వాసాలు మెల్లగా గోధుమరంగుకి, తరవాత నలుపుకి తిరిగాయి. ఆదివారాల్లో మావారు చూసి, "డి.డి.టి. పడితే కర్ర రంగు మారుతుంది" అని వచ్చినవాళ్ళకి చెప్పేవారు. పిండి రాలడం మాత్రం ఆగిపోయింది. మా అత్త రోజూ ఒక తెల్లగుడ్డ నేలమీద పరచి, సాయంత్రం దులిపి చూసేది. ఒకరోజు దులిపి, మళ్ళీ దులిపి, ఆ గుడ్డ నా చేతికిచ్చి, పెట్టిందంతా తినేసింది.

కార్తీకంలో అధికారి వచ్చారు. తెల్లటి దుస్తుల్లో, నెమ్మదైన మనిషి. సవరల బొమ్మల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. చుట్టిల్లు దగ్గరికి వచ్చేసరికి త్రినాథరావుగారు జింకు రేకుల కొలతలు రాసిన కాగితం తీసి పట్టుకున్నారు. మా అత్త ఆ ఇంటి అరుగు మీద, తనూ ఒక చూపరిలా కూర్చుని ఉంది. చేతులు మాత్రం ఒళ్ళో గట్టిగా బిగించుకుంది. నేను మావారి వెనకే లోపలికి వెళ్ళాను.

అధికారి జేబులోంచి చిన్న చాకు తీసి ఒక వాసాన్ని గుచ్చారు. దిగలేదు. ఇంకోటి గుచ్చారు. మూడోది. గుచ్చినచోట పిండి లేదు. తడిమిన వేలు మాత్రం నల్లగా అయింది.

"ఇనుములా ఉంది!" అన్నారాయన. "మాష్టారూ, ఆషాఢంలో పురుగు పట్టిందని రాశారే. ఏం చేశారు?"

"మసి కడిగించి డి.డి.టి. కొట్టించామండీ" అన్నారు మావారు, వెన్ను నిటారుగా పెట్టి.

"చాలా మంచి పని. ఇది నివేదికలో రాస్తాను. ఇలాంటి పాత ఇళ్ళు ఇంకా కొన్ని నిలబెట్టే ఆలోచన ఉంది. అన్నిచోట్లా మసి కడిగించి ఇదే మందు కొట్టమని చెబుతాను." ఆయన కలం తీశారు. త్రినాథరావుగారు కాగితం మడిచేసుకున్నారు.

మావారు పొంగిపోతూ పొయ్యి వైపు తిరిగారు. పొయ్యి పక్కన, మేము ఊడ్చడం మరచిన మూల, ఒక పనసపిక్క తొక్క ఉంది. ఆయన వంగి దాన్ని తీశారు. వాసన చూశారు. పొయ్యి మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు. ఆ ఉదయం మేము వెలిగించిన నిప్పు వెచ్చదనం ఇంకా పోలేదు. అప్పుడు అధికారి నల్లటి వేలు చూశారు, పైకి చూశారు, నావైపు చూశారు. నేను చీటీ తగిలించిన వస్తువులా కదలకుండా నిలబడ్డాను.

అధికారి రాస్తున్నారు. "డి.డి.టి. ఎన్నిసార్లు కొట్టారన్నారు?"

ఒక్కసారి అని చెబితే చాలు. ఆ మాట నిజం కూడా. మావారు చేతిలోని పనసపిక్క తొక్కని మళ్ళీ చూశారు. గుమ్మం బయట మా అత్త వీపు కనిపిస్తోంది. ఆవిడ ఇటు తిరగలేదు.

"అది రాయకండి సార్" అన్నారు మావారు.

కలం ఆగింది.

"మందు వల్ల కాదండీ. ఇది పొగ. మసి కడిగిస్తే ఇంకో ఇల్లు కూడా పోతుంది. మా అమ్మ మొదటే చెప్పింది, నేను వినలేదు." ఆ తరవాత, పాఠం అప్పగించే కుర్రాడిలా చేతులు కట్టుకుని, బాగా తగ్గిన గొంతుతో, "తప్పు నాది" అన్నారు.

అరుగు మీదినుంచి మా అత్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇటు తిరిగింది.

"ఏటన్నావురా? ఇనపళ్ళేదు."

మావారు ఒకసారి నావైపు చూశారు. తల వంచి ఆ గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, వాళ్ళమ్మ ఎదుట నిలబడి, తోట అవతల ఉన్న పోలారావుకి కూడా వినపడేలా అన్నారు:

"తప్పు నాదేనమ్మా!"