పాత రంగు రాల్చినవాళ్ళు

నేనొక సాండింగ్ మిషన్ని. గరుకు కాగితం తగిలించుకుని గిర్రున తిరుగుతూ పాత రంగును రాల్చేయడం నా పని. పుట్టినప్పుడు నా వెనక చిన్న గుడ్డసంచి ఒకటి ఉండేది, రాలిన దుమ్ము అందులో పడాలని. కాకినాడలో నా చేత పని మొదలుపెట్టించిన రోజే, అడ్డంగా ఉందని దాన్ని ఊడబీకారు. మనుషులకు గోడ నున్నగా కనిపిస్తే చాలు. దుమ్ము ఎటు పోయిందని ఎవరూ అడగరు.

నన్ను కొన్నది నూకరత్నం. రంగుల కాంట్రాక్టులు చేసే భర్త పోయాక ఆ పనులన్నీ తనే నడుపుకొస్తోంది. ఆమె తమ్ముడు సత్తిబాబు కూడా ఆ జట్టులోనే ఉండేవాడు. నన్ను ఎక్కువగా పట్టింది అతని చేతులే.

ఒక వేసవిలో నూకరత్నం కాంట్రాక్టర్ల శిక్షణకు వెళ్ళింది. ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకుని తిరిగొచ్చి, జట్టునంతా కూర్చోబెట్టింది.

“పాత తలుపులకీ కిటికీలకీ ఏసిన ఆయిల్ రంగులో సీసం ఉంటాదంట. పొడిగా గీకితే ఆ దుమ్మంతా విషమే. చంటిపిల్లలకైతే బుర్ర ఎదగదంట. ఇకమీదట ముందు పరీక్ష చేద్దాం. సీసం ఉంటే గదికి ప్లాస్టిక్ పట్టా కట్టి, తడిపి గీకాలి. పనిబట్టలతో ఇంటికెళ్ళకూడదు. అలాంటి చోట ఈ మిషను ముట్టుకునేది లేదు.”

“కంటికి కనపడని దానికి ఇంత హడావిడేంటక్కా?” అని నవ్వాడు సత్తిబాబు. ఆమె నవ్వలేదు. నన్ను అటక మీదికి ఎక్కించింది.

వర్షాకాలం ముందు వారిజ అనే ఆవిడ ఆమెను పిలిపించింది. ఓ పాత బంగళా అద్దెకు తీసుకుని చిన్నపిల్లల బడి పెట్టబోతోంది. సీసం తగిలితే ఎర్రబడే పరీక్ష దూదిని నూకరత్నం కిటికీ చెక్క మీద రుద్దింది. అది ఎర్రబడింది. వారిజ భయపడి, “మీరెలా చెయ్యమంటే అలాగే” అంది. తడి పని మొదలైంది. కానీ ముసురు పట్టుకుంది. చెక్క ఆరదు, రంగు ఎక్కదు, బడి తెరిచే రోజు దగ్గరకొచ్చేసింది.

“రత్నంగారూ, అడ్మిషన్లు కూడా అయిపోయాయి. మిషను పెడితే ఇట్టే అయిపోతుందంటున్నారు అందరూ.”

“దూది ఎర్రబడ్డం మీరూ చూశారు కదండీ.”

“చూశాను. కానీ మీ కార్డు లేనివాళ్ళు ఊళ్ళో పని చెయ్యడం లేదా? ఎవరైనా వచ్చి అడుగుతున్నారా?”

అడిగేవాళ్ళు ఎవరూ లేరని నూకరత్నానికీ తెలుసు. “నా చేత్తో అయితే చెయ్యనండీ” అని, నిచ్చెనలు సర్దుకుని వచ్చేసింది. తను కాదంటే ఆవిడ భయపడి ఆగుతుందనుకుంది. కానీ వారిజ సత్తిబాబుకు ఫోను చేసింది.

అతని కూతురు లాస్యకు అప్పుడే నాలుగేళ్ళు నిండాయి. పని చేసిపెడితే పిల్లకు ఫీజు లేకుండా సీటిస్తానంది వారిజ. తను సంతకం పెట్టడమే కష్టంగా నేర్చుకున్నవాడు. ఇంకేం ఆలోచించలేదు. అక్క తునిలో పెళ్ళికి వెళ్ళగానే నన్ను అటక దించాడు.

బంగళా కిటికీలన్నీ నా కింద నున్నబడ్డాయి. బూడిదరంగు దుమ్ము గది నిండా లేచి, నేల పగుళ్ళలోకీ కిటికీ గూళ్ళలోకీ మెల్లగా దిగింది. సత్తిబాబు ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. చీపురుతో ఊడ్చి, పైన పసుపు రంగు కొట్టాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి లాస్య పరుగెత్తుకొచ్చి అతని కాళ్ళు చుట్టేసింది.

“తడిపే గీకారంటక్కా, వేరే జట్టువాళ్ళు” అని అక్కకు చెప్పాడు. మేనకోడలు టై కట్టుకుని మురిసిపోతుంటే నూకరత్నం నమ్మాలనుకుంది, నమ్మింది.

చలికాలానికి లాస్య అన్నం ముట్టడం మానేసింది. కడుపునొప్పని ముడుచుకుపోయేది. నులిపురుగుల మందు పట్టారు. తర్వాత మాటలు తగ్గాయి. గడగడా చెప్పే రంగుల పేర్లు మధ్యలో ఆగిపోయేవి. అవి వెతుక్కుంటూ వాళ్ళ నాన్న ముఖంలోకి చూసేది. ఒకరోజు నూకరత్నం ఆ చూపు గమనించింది. పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి వెళ్ళి, రక్తంలో సీసం ఉందేమో చూడమని అడిగింది.

ఉంది. చాలా ఉంది.

“ఇంకా ఎక్కకుండా చూడొచ్చు. ఇప్పటికే జరిగిన నష్టం పూర్తిగా పోదమ్మా” అంది డాక్టరు.

ఆస్పత్రి మెట్ల మీద సత్తిబాబు అక్కను ఆపాడు. “నేనే అక్కా. మన మిషనే.”

కొడదామని ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది నూకరత్నానికి. ఆ చేత్తోనే తమ్ముడి తల పట్టుకుని ఏడ్చింది.

తర్వాత నేరుగా వారిజ దగ్గరకు వెళ్ళింది. మిగతా పిల్లలకూ పరీక్ష చేయించమంది. వారిజ గది తలుపు దగ్గరగా వేసింది. “ఇప్పుడు బయటపడితే నేను రోడ్డున పడతానండీ. సెలవుల్లో అంతా కడిగిస్తాను. ఎవరికీ చెప్పకండి, ప్లీజ్.”

నూకరత్నం గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి తల్లికీ చెప్పింది. ఒకరిద్దరు పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు, పని పోయిన కడుపుమంటతో వాగుతోందన్నారు. ఆమె కార్డు చూపించింది. ఒకావిడ అందులోని ఫొటోను, ఆమె ముఖాన్ని మార్చి మార్చి చూసి, తిరిగిచ్చేసి, బాబును లోపలికి పంపింది.

ఆ సాయంత్రం నూకరత్నం నన్ను పెరట్లోకి ఈడ్చి వైరు కోసేసింది. సుత్తితో కొట్టింది. ఆయాసమొచ్చేదాకా కొట్టి, చెత్తకుండీలో పడేసింది. నా ఒళ్ళు సొట్టలు పోయింది కానీ లోపలి మోటారు బాగానే ఉంది. అది ఆమెకు తెలియలేదు.

పాత సామాన్లవాడు ఏరుకెళ్ళి మిషన్లు బాగుచేసే దుకాణంలో అమ్మాడు. అక్కడ కొత్త వైరు వేశారు. ఇవాళ ఒక కుర్రాడు వచ్చాడు. దుకాణదారు స్విచ్చి నొక్కగానే నేను తిరిగాను. ఎవరు నొక్కినా తిరగడం తప్ప నాకు ఇంకోటి తెలియదు.

“పాత ఆయిల్ రంగు ఊడుతుందాండీ?”

“వెన్నలా ఊడొస్తుంది. ఏ ఇంటికి?”

“మాదేనండీ, తాతల నాటిది. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. బాబొచ్చేలోగా గది బాగుచేద్దామని.”

దుకాణదారు సంతోషంగా తలూపి నన్ను కాగితంలో చుట్టాడు. కుర్రాడు స్కూటరు ముందు పెట్టుకుని, పడిపోకుండా రెండు మోకాళ్ళతో అదిమిపట్టాడు.