చెట్టు మందు పథ్యం

కమలాదేవి గారి గేటు ముందు నిలబడి నేను అరిచిన అరుపులకు ఆ వీధిలో వాళ్లంతా బయటికి వచ్చారు. రానీ అనుకున్నాను. నా చేతిలో ఆవిడ ఇచ్చిన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. మా అమ్మ వరంగల్ ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని పడి ఉంది.

అమ్మ పేరు జమ్లీ. మా లంబాడీ భాషలో అమ్మను యాడి అంటాం. పాలకుర్తి దగ్గర మా తండా. నేను ఆ తండాకే ఆశా కార్యకర్తను. ఆరు నెలల కిందట అమ్మ గుండెలో రక్తనాళం మూసుకుపోతే స్టెంటు వేశారు. రక్తం పలచబడే మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ అమ్మ ఇంటి ముందు నుంచి పోతూ మందు వేసుకున్నావా అని కేకేసేదాన్ని. వేసుకున్నాననేది. లోపలికి వెళ్లి చూసిన పాపాన పోలేదు.

నిన్న పొద్దున పత్తి ఏరుతూ చేనులోనే కూలిపోయింది. అంబులెన్సులో జనగామ, అక్కణ్నుంచి వరంగల్. స్టెంటులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఇవాళ బట్టలూ కార్డులూ తెద్దామని అమ్మ ఇంటికి వస్తే, బియ్యం డ్రమ్ము వెనక పన్నెండు రోజుల మాత్రలు అట్టలతో సహా అలాగే ఉన్నాయి. పక్కనే ఈ డబ్బా.

"ఏంది జమునా, గేటు కాడ గీ లొల్లి?" అంటూ కమలాదేవి గారు వరండాలోకి వచ్చారు. మాజీ సర్పంచి జగపతి గారి భార్య. అమ్మ కూలికి పోయేది వాళ్ల చేనుకే.

"మా యాడికి గిది మీరే ఇచ్చిండ్రా?"

"నేనే ఇచ్చిన. పాపమని ఊరికెనే ఇచ్చిన. గుండెకు, లివర్‌కు మస్తు మంచిది. బీటైన్ అంటరు. ఒంటికి మిథైల్ అందిస్తది. మా ఆయన లివర్‌కు కొవ్వు పడితే రోజూ గిదే ఏసుకుంటుండు."

మిథైల్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఆవిడకూ తెలియదని ఒట్టేసి చెప్పగలను. ఈ డబ్బాలు అమ్మే కంపెనీ వాళ్లు ఫోన్లో ఆదివారం మీటింగులు పెట్టి ఇలాంటి మాటలు నేర్పుతారు. నేర్చుకున్నవాళ్లు అవి తెచ్చి చేను గట్టు మీద నిలబడి వల్లిస్తారు, వినేవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు.

"చేన్ల ఏమని చెప్పిండ్రు?"

"ఉన్నదే చెప్పిన. బీట్‌రూట్ అసొంటి దుంపల కెల్లి తీస్తరు, చెట్టు మందే, ఏ నష్టం లేదన్న."

నా ఒళ్లు మండిపోయింది. మా తండాలో చెట్టు మందు అంటే చాలు, పథ్యం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉప్పు మానేస్తారు, నూనె మానేస్తారు, దవాఖాన మందు ముట్టరు. తాతల నాటి నుంచి అంతే. అమ్మ పన్నెండు రోజులు చప్పిడి కూడు తిని ఆ డబ్బాలోని క్యాప్సూళ్లు మింగింది.

"డబ్బా మీద రాసే ఉన్నది కద, మందు కాదని," అన్నారావిడ.

"ఇంగ్లీషుల రాసిండ్రు, చీమ తలకాయంత అక్షరాలు. మా యాడి ఏలిముద్ర ఏస్తదని మీకు తెల్వదా?"

"మాత్రలు బంద్ చెయ్యమని నేను అనలే. పొయ్యి మీ అమ్మనే అడుగు."

"అడుగుత. అడిగి సీదా పోలీస్ స్టేషన్‌కే పోత!"

వరంగల్ బస్సులో కూర్చున్నంతసేపూ కేసు ఎలా పెట్టాలో, ఎవరెవరిని సాక్ష్యానికి తేవాలో ఆలోచించాను. కోపంలో ఆకలి కూడా తెలియలేదు.

అమ్మ కళ్లు తెరిచే ఉంది. మంచం అంచున కూర్చుని మా భాషలో మెల్లగా అడిగాను.

"యాడీ, మాత్రలు బంద్ చెయ్యమని కమలమ్మ అన్నదా? నిజం చెప్పు."

"ఆమె అనలే. నువ్వే అన్నవ్."

"నేనా?"

"జాల్యాకు కామెర్లు అయినప్పుడు తండ నడుమ నిలవడి మొత్తుకున్నవ్ కద. చెట్టు మందు, దవాఖాన మందు కలిపి తింటే సస్తరు, ఏదన్న ఒక్కటే తినుండ్రి అని. ఆ డబ్బ పటేలమ్మ ప్రేమతోని ఇచ్చింది, వద్దంటె ఏమనుకుంటదో అని గదే ఒక్కటి తిన్న."

అన్నాను. నిజమే. మా తండా జాల్యా పసరు తాగుతూ దవాఖాన మాత్రలు కూడా మింగి కక్కుకుంటుంటే కోపంతో అన్నాను. పసరు మానమని దాని అర్థం. నా మాట విన్నవాళ్లు దవాఖాన మందునే మానేస్తారని ఆ కోపంలో తట్టనే లేదు. ఎవరూ నా మాట వినరని ప్రతి ఆశా మీటింగులో ఏడ్చేదాన్ని. మా అమ్మ విన్నది.

అంతలో డాక్టరు వచ్చాడు. కాగితాలు తిప్పి, "మాత్రలు ఎందుకు ఆపావమ్మా? ఎవరు ఆపమన్నారు?" అని గద్దించాడు.

అమ్మ నా ముఖం చూసింది. నా యూనిఫాం చీర చూసింది.

"ఎవ్వలు అనలే సారూ. నేనే మర్చిపోయిన."

"తండా వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఇంతే," అన్నాడతను నర్సుతో. "గుండె సగమే పనిచేస్తోంది. ఇక చేను పని మర్చిపోవాలి."

నాకు డాక్టరు మీద కోపం వచ్చింది. కమలాదేవి గారి మీద కోపం అలాగే ఉంది. నాకోసం అబద్ధమాడి తిట్లు తింటున్న అమ్మ మీద కూడా వచ్చింది. అన్నిటికంటే నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. అమ్మ నా చెయ్యి నొక్కి ఊరుకోమంది. నేను లేచి నిలబడ్డాను.

"మర్చిపోలేదు సార్," అన్నాను. చుట్టుపక్కల మంచాల మీది వాళ్లంతా తలలు తిప్పారు. "చెప్పింది చెప్పినట్టు విన్నది. చెప్పింది నేను."