శాలువా కప్పకపోతే పోయినట్టు కాదు

ఇల్లందు నల్లవజ్రం ఫుట్‌బాల్ క్లబ్బు ఒకప్పుడు పాల్వంచ వాళ్ళను వాళ్ళ గ్రౌండులోనే ఓడించి రెండో డివిజన్‌కు ఎక్కింది. బొగ్గుబావి మూతపడ్డాక, అందులో పనిచేసే ఆటగాళ్ళకు మణుగూరు గనులకు బదిలీలు మొదలయ్యాయి. పోయేవాడికల్లా శాలువా కప్పి, మిక్చరు పెట్టి సాగనంపేవారు. నలుగురు పోయేసరికి, జెర్సీలు ఉతికే అంతోనమ్మకు గుబులు పట్టుకుంది.

"శాలువా కప్పితేనే పోయినట్టు. కప్పకుంటే డ్యూటీకి పోయినట్టే!" అని తీర్పు చెప్పి, సన్మానాలు ఆపించింది. ఆ తర్వాత బదిలీ అయినవాళ్ళు ఆమెకు జడిసి, ఆదివారాలు బస్సెక్కి వచ్చి ఆడిపోయేవారు. క్లబ్బు అట్లా కొన్నేళ్ళు ఈడ్చుకొచ్చింది.

ఈ ఆదివారం లీగు ఆఖరి ఆటకు ఆరుగురే వచ్చారు. ఏడుగురైనా లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే లీగులో పేరుండదు. అప్పుడే, ఎన్నడో సన్మానం చేయించుకుని పోయిన బెన్నీ చంటిపిల్లతో ఆట చూడవచ్చాడు.

"నేను దిగుతా అత్తా."

"నీకు శాలువా కప్పినం గదరా! ఎట్ల దిగుతవ్?"

"గదే ఇది. వాపస్ తీస్కో."

శాలువా పిల్లకు చుట్టి ఉంది. అంతోనమ్మ పిల్లతో సహా లాక్కుని, జెర్సీ అతని మొహాన విసిరింది.

తొమ్మిది గోల్స్ తిని లీగు నుంచే జారిపోయారు. కెప్టెన్ క్లబ్బు మూసేస్తున్నానన్నాడు. బెన్నీ చేతులు చాపాడు.

"అయిపాయె గదా అత్తా. ఇయ్యి, బస్సుకు పోవాలె."

అంతోనమ్మ పిల్లనిచ్చి, శాలువా చంకలో పెట్టుకుంది.

"పిల్లకు చలి పెడ్తది అత్తా!"

"జెర్సీ చుట్టుకో. వచ్చే ఐతారం ఉతకనీకి పట్టుకరా."