బండి మా ఊళ్లోనే ఉంది

శ్యాంసుందర్ పేరు ఎవరైనా నా ముందు ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. "పోనియ్ జ్యోతీ, మర్చిపో" అంటుంది మా అవ్వ. ఎందుకు మర్చిపోవాలి? మర్చిపోయే పనా అది?

మా బాపు ఎల్లేశం తాళ్లెక్కి కల్లు గీస్తాడు. మా ఊరు కోరుట్ల దగ్గరే. శ్యాంసుందర్ దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, కొడుక్కి పంచెల ఫంక్షన్ పెట్టుకున్నాడు. టెంటు, డీజే, గేటుకు పూలు, ఒకటే హంగామా. వచ్చిన చుట్టాలందరికీ చెట్టు కల్లు పోస్తానని ఊరంతా చెప్పుకున్నాడు. ముందురోజు మా వాకిట్లో నిలబడి బాపుకు హుకుం జారీ చేసి మరీ పోయాడు.

"ఎల్లేశం, పగటి బువ్వల యాల్లకు కల్లు దిగాలె. చుట్టాల ముందల నా ఇజ్జత్ పోవద్దు."

బాపు మాటిస్తే తప్పే రకం కాదు. పొద్దున దించింది సరిపోదని మళ్లీ చెట్టెక్కాడు. నేను బువ్వ గిన్నె పట్టుకుని తాటివనానికి పోయేసరికి, బాపు తలకిందులుగా వేలాడుతున్నాడు. మనిషిని చెట్టుకు పట్టి ఉంచే మోకు జారింది. ఒక కాలు ఆ తాడులో ఇరుక్కుపోయి, మనిషి బరువంతా ఆ కాలి మీదే పడింది. కింద లొట్టి పగిలి కల్లంతా నేలపాలైంది.

"బాపూ!" అని కేక పెట్టాను.

"మొత్తుకోకు బిడ్డా. భూమేశ్‌కు ఫోన్ చెయ్" అన్నాడు పైనుంచి.

భూమేశ్ మా చిన్నాయన. ఇప్పుడు మా ఊళ్లో బాపు కాక చెట్లెక్కేది ఆయనొక్కడే. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆయనా ఫంక్షన్‌లోనే ఉన్నాడు, ఆ డీజే మోతలో ఏం వినపడుతుంది? ఇక పోలీసుల వంద నంబరుకు చేశాను.

అక్కడ మాట్లాడినామె మంచిగానే అడిగింది, మంచిగానే చెప్పింది. "నిచ్చెనున్న ఫైర్ బండి వేరే మంట కాడికి పోయిందమ్మా. వస్తది గని టైం పడ్తది. పోలీసు బండి మాత్రం మీ ఊళ్లెనే ఉంది. అక్కడ కొట్లాటల తలలు పగిలినయట. వాళ్లను దవఖానకు పంపంగనే మీ తానికి వస్తది. నువ్వు మీ నాయన దగ్గరనే ఉండు."

బండి మా ఊళ్లోనే ఉందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పాపం, ఎవరి తలలు పగిలాయో, వాళ్ల పెళ్లాం పిల్లలు ఎంత ఏడుస్తున్నారో అని అంతటి కష్టంలో కూడా జాలిపడ్డాను. నా జాలి తగలెయ్య!

చెట్టు కిందే నిలబడి బాట వైపు చూస్తూ ఉన్నాను. బాపు మొదట్లో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన మాట్లాడింది కూడా ఏంటి? "శ్యాంసుందర్‌కు జర ఆలిశమైతదని చెప్పు బిడ్డా. నా కోసం చూస్తుంటడు." తర్వాత మాటలు తగ్గాయి. కాలు తెలుస్తలేదన్నాడు. ఆ తర్వాత పిలిస్తే మూలుగు తప్ప ఇంకేం రాలేదు. బండి రాలేదు. ఇంక నా వల్ల కాలేదు. గిన్నె అక్కడే పడేసి ఊళ్లోకి ఉరికాను.

పోలీసు బండి శ్యాంసుందర్ గేటు ముందు ఆగి ఉంది. లోపల ఒక్క తల పగల్లేదు. ఎవడి ఒంటి మీదా గీత కూడా లేదు. అందరూ విస్తళ్ల ముందు కూర్చుని బొక్కలు చీకుతున్నారు. కానిస్టేబుల్ పద్మజ మేడం నడుం మీద చెయ్యి పెట్టుకుని శ్యాంసుందర్‌ను నిలదీస్తోంది.

"తలలు పగిలినయ్, రక్తం కారుతుందని చెప్పినవ్ గదా? ఏవి? అడిగిన కాడ్నుంచి గా మాట ఒక్కటి చెప్తలేవు."

"గట్ల చెప్పకుంటే మీరు వస్తరా మేడం?" అన్నాడు శ్యాంసుందర్. సిగ్గు లేదు, శరం లేదు, పైగా నవ్వు. "దుబాయిల అయితే ఫోన్ కొట్టుడే ఆలస్యం, వచ్చి నిలవడ్తరు. నాది గూడ చిన్న కేసేం కాదు. ఎల్లేశం కల్లు తెస్తనని మాటిచ్చి మాయమైండు. చుట్టాల ముందల నా ఇజ్జత్ తీసిండు. పట్టుకచ్చి చీటింగ్ కేసు రాయుండ్రి."

"మొన్న బీర్పూర్‌ల ఒకాయన కూరల ఉప్పెక్కువైందని ఫోన్ చేసిండు. ఇయ్యాల నువ్వు. ఏం మనుషులయ్యా మీరు?" అని మేడం అంటుండగానే నేను పోయి శ్యాంసుందర్ అంగీ పట్టుకున్నాను.

"మా బాపు మాయం కాలే! చెట్టుకు తలకిందుల వేలాడుతుండు! నీ కల్లు కోసమే ఎక్కిండు! నీ నోట్లె మన్ను వడ, గీ బండి కోసమే నేను గంత సేపు ఎదురుచూసిన!"

ఎవరో డీజే బంద్ చేశారు. భూమేశ్ చిన్నాయన తింటున్న విస్తరి వదిలేసి, ఎంగిలి చేత్తోనే బండెక్కాడు. తాటివనం చేరగానే చెట్టెక్కి బాపును తన మోకుతో చెట్టుకు కలిపి కట్టి, ఫైర్ బండి వచ్చేదాకా పట్టుకుని ఉన్నాడు. దించేసరికి బాపు కాలు నల్లబడి ఉంది.

జగిత్యాల నుంచి కరీంనగర్ పంపించారు. మోకాలి కిందికి కాలు తీసేశారు. "ఇంకొంచెం ముందు దించి ఉంటే కాలు దక్కేదమ్మా" అన్నాడు డాక్టర్.

పద్మజ మేడం శ్యాంసుందర్ మీద కేసు పెట్టింది. జరిమానా కట్టాడు, అయిపోయింది. కాలు పోయినదానికి జరిమానా ఎవరు కట్టాలో నాకైతే తెలియదు.

దుబాయి విమానం ఎక్కే ముందు శ్యాంసుందర్ దవఖానకు వచ్చాడు, బత్తాయిల సంచి పట్టుకుని. బాపు నిద్రలో ఉన్నాడు. ఆ సంచి తెచ్చి మంచం మీద, బాపు కాలు ఉండాల్సిన చోట పెట్టాడు. దుప్పటి చదునుగా అణిగిపోయింది. చెయ్యి కాలినట్టు సంచి మళ్లీ ఎత్తుకున్నాడు. అయినా నోరు ఊరుకుంటుందా?

"నాకేం తెల్సు చెల్లె? చెట్టుకు వేలాడుతుండని ఒక్క ఫోన్ చేస్తే, నేను పోలీసోళ్లను పిలిచేటోన్నా?"

"చేసిన అన్నా" అన్నాను. "నీకు కాదు, వందకు చేసిన. బండి మీ ఊళ్లెనే ఉంది, తలలు పగిలినోళ్ల కాడ ఉందన్నరు. నేను గా మాట నమ్మి నిలవడ్డ."