పది నిమిషాలు ముందున్న యార్డు

ఇనుపరాడ్డు రెండోసారి పడేసరికి తమ్ముడి ఎడమచెయ్యి విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. అందరూ అంటే ముగ్గురే. కొడుతున్న ఓనరు, దెబ్బలు తింటున్న గేటు కాపలావాడు, కంప్యూటరు ముందు కూర్చున్న అతని అక్క. ఆ లారీ యార్డు గేటును నడిపే ప్రోగ్రాం రాసింది ఆమే.

"కీ ఎవడికి అమ్ముకున్నావురా?" అన్నాడు ఓనరు.

"అమ్మతోడు, నాకేం తెలీదు సార్!"

తెల్లారినప్పటి నుంచి గేటు తెరుచుకోవడం లేదు. బయట ముప్పై లారీలు హారన్లతో చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి. గేటు యంత్రం ముందు లాగిన్ అవుతుంది, ఆ తర్వాత ప్రతి అభ్యర్థన మీదా రహస్య కీతో సంతకం పెట్టి పంపుతుంది. సంతకం నచ్చితేనే ఎక్కడో ఉన్న సర్వరు గేటు తియ్యమంటుంది. ఇవాళ లాగిన్ అవుతోంది, సంతకం దగ్గరే తిప్పికొడుతోంది. కాపలావాడు కీ అమ్ముకుని మార్పించేశాడని ఓనరు తేల్చేశాడు. ఆయనకు అనుమానం వస్తే చాలు, రుజువుతో పనిలేదు.

"కీ మారలేదు సార్, అక్షరం అక్షరం సరిచూశాను. వాణ్ణి వదిలెయ్యండి."

"ఐదు నిమిషాలిస్తున్నా. ఈసారి చెయ్యి కాదు, తలకాయే."

సర్వరు నుంచి వచ్చిన తిరస్కారాన్ని ఆమె మొదటిసారి చివరిదాకా చదివింది. సంతకం మీది సమయానికీ సర్వరు సమయానికీ ఐదు నిమిషాలకు మించి తేడా ఉండకూడదట. సర్వరు ఏడూ పన్నెండు అంటోంది, గేటు యంత్రం ఏడూ ఇరవైరెండు. తలెత్తి గోడ గడియారం చూసింది. అదీ ఏడూ ఇరవైరెండే. సర్వరే తప్పు అనుకోబోయి ఆగిపోయింది. ఆ గోడ గడియారం ఏనాడు సరైన టైం చూపించింది గనక! డ్రైవర్లు ఆలస్యం చేస్తారని ఈ యార్డులో గడియారాలన్నీ ఓనరు పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతాడు.

యంత్రంలో టైం ఎవరు మార్చారో వెతికింది. నిన్న సాయంత్రం, ఓనరు లాగిన్‌తో.

"మీరే మార్చారు సార్," అంది. "యంత్రంలో కూడా పది నిమిషాలు ముందుకు తిప్పారు. అందుకే సంతకం చెల్లట్లేదు."

ఓనరు తన చేతి గడియారం వంక చూసుకున్నాడు. మొహం నల్లబడింది.

"నేను కాదుగా సార్," అన్నాడు తమ్ముడు, నేల మీంచి.

"నాకే ఎదురు చెప్తావా?" అంటూ ఓనరు వాడి నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు రక్తంతో పాటు గచ్చు మీద పడ్డాయి.

ఆమె టైం సరిచేసి, తెరవమని అభ్యర్థన పంపింది. గదికి ఎదురుగానే ఉన్న ఇనుప గేటు గరగరమంటూ పక్కకు జరిగింది. ఇంతసేపూ కాపలావాణ్ణి తిట్టిపోసిన ముప్పైమంది డ్రైవర్లకు బార్లా తెరిచిన గది తలుపులోంచి ముందు వాడే కనిపించాడు, తర్వాత ఓనరు చేతిలోని రాడ్డు. హారన్లు ఆగిపోయాయి. ముందున్న బట్టతల డ్రైవరు వీల్ స్పానరు అందుకుని దిగాడు. వెనక మిగతావాళ్లు దిగారు.

"గేటు ముయ్యమ్మా!" అని అరిచాడు ఓనరు. "నీకు దణ్ణం పెడతా, ముయ్యి!"

ఇప్పుడు సంతకం బాగానే చెల్లుతుంది. ఒక్క మీట నొక్కితే గేటు మూసుకుంటుంది. ఆమె కంప్యూటరు వదిలేసి, నేల మీద కూర్చుని, తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది.