మా ముందుగదిలో బస్సు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు అంత మంచిదేం కాదు. అయినా ఊరు నన్ను బాగానే భరిస్తోంది. బడిలో గదులు ఊడ్చి, గంట కొట్టే ఆయాను నేను. ఈవిడ కేకేస్తే గంట కూడా అక్కర్లేదని మా పెద్ద టీచరుగారు అందరి ముందూ అంటారు.

అలాంటి నాకు బడి బస్సు నడపాలని ఒక పిచ్చి. పాత డ్రైవరు పని మానేస్తున్నాడని తెలియగానే పెద్ద టీచరుగారి గదిలోకి వెళ్ళి అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. రాబోయే వేసవి సెలవులయ్యి బడి తెరిచేలోపు లైసెన్సు తెచ్చుకుంటే ఆ సీటు నీదే, లేకపోతే ఇంకొకతన్ని మాట్లాడి ఉంచామని తేల్చి చెప్పారు. ఇక తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను.

ఇంట్లో చెబితే మా అత్తగారు ముక్కున వేలేసుకుంటారనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ, తల కూడా ఎత్తకుండా, బస్సు నడపడం ఎలాగైనా వస్తుందిలే, దారిలో అడ్డమొచ్చిన వాళ్ళని తిట్టకుండా నడపడం ఎవరు నేర్పుతారు అన్నారు. మా ఆయన వడ్రంగి. నోటితో చెప్పాల్సింది కూడా చేతులతో చేసే మనిషి. మర్నాడు కొట్టు నుంచి చెక్కలు మోసుకొచ్చి ముందుగదిలో పడేశాడు.

రెండు వారాలు తిరక్కుండా మా ముందుగదిలో బస్సు వెలిసింది. ఎత్తు సీటు, గుండ్రంగా తిరిగే చక్రం, స్ప్రింగులు పెట్టిన మూడు పెడళ్ళు, పక్కన పెట్టెలో కదిలే గేరు రాడ్డు. రాడ్డు పైన ఉండను నున్నగా చెక్కి వార్నిష్ కూడా వేశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైకి మాత్రం, సోఫా ఎక్కడ పెట్టుకోవాలో కూడా మీరే చెప్పండి అన్నాను. అదీ నా నోరు.

డ్రైవింగ్ స్కూల్లో బస్సు ఖాళీ అయ్యేదాకా నాకు వంతు రాదన్నారు. అందాకా ఇంట్లోనే సాధన. బడి నుంచి రాగానే ఆ సీటెక్కి కూర్చునేదాన్ని. వెనక కుర్చీలో మా అత్తగారు ప్రయాణికురాలు. క్లచ్చు విసురుగా వదిలితే స్ప్రింగు టప్పుమనేది, ఆవిడ నడుం పట్టుకుని అమ్మో అనేవారు. నటన అని తెలిసినా నాకు ఒళ్ళు మండేది. అయినా ఆవిడ లేచి వెళ్ళేవారు కాదు. పొయ్యి మీద కూర మాడిపోయినా కుర్చీ వదిలేవారు కాదు. అలా అలా, చూడకుండానే గేర్లు మార్చేంతగా చెయ్యి తిరిగింది.

నా వంతు రానే వచ్చింది. డ్రైవింగ్ మాస్టారు నన్ను సీట్లో కూర్చోబెట్టి గేర్ల గురించి చెప్పబోతే, అవన్నీ నాకు వచ్చునండీ అని గొప్పగా ఆపేశాను. ఒకటో గేరు వేశాను. క్లచ్చు వెన్నలా వదిలాను. బస్సు కూడా వెన్నలాగే, వెనక్కి వెళ్ళింది. మాస్టారు అరిచేలోపు, నేను బ్రేకు తొక్కేలోపు, ఆ స్కూలు పేరు రాసిన రేకు బోర్డు వెనక చక్రాల కింద పడి అప్పడమైంది.

నేలకూలిన బోర్డు పక్కన నిలబడి మాస్టారు, ఇంకొక్కసారి చూస్తాను, అప్పుడూ ఇలాగే అయితే మళ్ళీ గేటు తొక్కొద్దన్నారు.

ఇంటికెళ్ళి విషయం తవ్వితే అసలు సంగతి బయటపడింది. మా ఆయన గేర్లు ఎలా ఉంటాయో చూద్దామని డిపోకి వెళ్ళాడట. ఆగి ఉన్న బస్సుకి ఎదురుగా నిలబడి, లోపల డ్రైవరు గేర్లు వేసి చూపిస్తుంటే ముందద్దంలోంచి చూసి కొలతలు గీసుకున్నాడట. వడ్రంగి బుద్ధి. బీరువానైనా తలుపునైనా ఎదురుగా నిలబడే కదా చూస్తాడు, లోపల కూర్చుని ఎవడు కొలుస్తాడు! దాంతో కుడి ఎడమైంది, ముందు వెనకైంది. మా ఇంట్లో ఒకటో గేరు ఉన్నచోట నిజం బస్సుకి వెనక గేరు ఉంది. నేను ఇంత కష్టపడి, ఇంత శ్రద్ధగా, మొత్తం తలకిందులుగా నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం నేనన్న మాటలు రాస్తే కాగితం కాలుతుంది. మా ఆయన మొహం చిన్నబుచ్చుకుని సుత్తి తీసి ఆ బస్సుని పగలగొట్టబోయాడు. మా అత్తగారు అడ్డం పడ్డారు.

"పగలగొడితే దాని చెయ్యి మరిచిపోతుందట్రా? తిప్పి బిగించు. తప్పు నేర్చిన చెయ్యి ఒప్పు నేర్వదా?"

తిప్పి బిగించాడు. కానీ నా చెయ్యి మొండిది, పాత దారే పట్టేది. అప్పుడు మా ఆయన ఎవరివో కిటికీల పని వాయిదా వేసి, కొట్టు మూసి, నేలమీద నా కాళ్ళ పక్కన చతికిలబడ్డాడు. పెట్టె అడుగున రాడ్డు కొనని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను తప్పు వైపు తోస్తే కదలనిచ్చేవాడు కాదు. ఒప్పు వైపు తోస్తే వదిలేవాడు. నేను తిడుతూనే ఉన్నాను, ఆయన పడుతూనే ఉన్నాడు. అలా నాకు గేరుపెట్టె అయి కూర్చున్నాడు మహానుభావుడు, నా చెయ్యి దారికొచ్చేదాకా.

రెండోసారి వెళ్ళినప్పుడు బస్సు ముందుకే వెళ్ళింది. మాస్టారు బోర్డు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, పరీక్షకి పేరు రాయించారు.

పరీక్షరోజు మా ఆయనా, అత్తగారూ ఇద్దరూ నాతో వచ్చారు. బడి తెరవడానికి ముందు అదే ఆఖరి పరీక్ష. ఇన్‌స్పెక్టరుగారు ఖాళీ బస్సు చూసి, బస్సంటే జనం, జనం లేకుండా నడిపితే నాకేం తెలుస్తుంది, ఎవరినైనా ఎక్కించమన్నారు. గేటు దగ్గర వీళ్ళిద్దరే ఉన్నారు. మా ఆయన వెంటనే ఎక్కాడు. మా అత్తగారు మెట్టు ముందు ఆగిపోయారు. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ బస్సెక్కగా నేనెప్పుడూ చూడలేదు. ఎంత దూరమైనా నడిచే వెళ్తారు. దేవుడిచ్చిన కాళ్ళుండగా బస్సులెందుకంటారు. నేను ఏదో అనబోయేలోపు, కొంగు బిగించి ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్నారు.

ఎత్తెక్కించాను. ఎత్తులో ఆపి, మళ్ళీ కదిలించాను. ఇరుకు సందులోంచి వెనక్కి తీశాను. అడ్డమొచ్చిన సైకిలు అతన్ని ఒక్క మాట అనలేదు. తిరిగొచ్చి ఆపాక ఇన్‌స్పెక్టరుగారు వెనక్కి తిరిగి చూశారు. మా అత్తగారు కళ్ళు మూసుకుని, తల వాల్చి ఉన్నారు. ఆయన నవ్వి, మీ గేర్లూ బాగున్నాయి, మలుపులూ బాగున్నాయి, పైగా పెద్దావిడ హాయిగా నిద్రపోయింది, ఇంకేం కావాలి అని సంతకం పెట్టి దిగిపోయారు.

ఆనందంతో ఆవిణ్ణి లేపబోయాను. ముందు సీటు కడ్డీని పట్టుకున్న ఆవిడ వేళ్ళు విడివడలేదు. అరచేతులు చెమటతో తడిసిపోయి ఉన్నాయి.

"నిద్రెక్కడిదే పిచ్చిదానా," అన్నారు కళ్ళు తెరవకుండానే. "చిన్నప్పుడు నేనెక్కిన బస్సు బోల్తాపడింది. అప్పట్నించీ ఎక్కలేదు. ఆగిందా ఇంక?"

మా ఆయన్ని చూశాను. నీకు చెప్పొద్దంది అమ్మ అన్నాడు నెమ్మదిగా. నేను ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. ఎప్పుడూ రాని మాట అప్పుడు వచ్చింది నా నోటికి.

"అత్తయ్యా, ఈ లైసెన్సు నాది కాదు. మీ ఇద్దరిదీ. మీరు లేకపోతే నేను ఇంకా గంట దగ్గరే ఉండేదాన్ని. ఏమండీ, మీక్కూడా చెబుతున్నా, వింటున్నారా?"

మా ఆయన విన్నట్టు తలూపి, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం తుడుచుకోలేదు, ఏడుస్తూనే నవ్వాను. ఇంతలో, బస్సు తెచ్చిపెట్టి ఆఫీసు దగ్గర ఆగిన మాస్టారు తొంగిచూసి, మీ ఇల్లు దారిలోనే కదా, నేను పక్కన కూర్చుంటాను, అక్కడిదాకా మీరే నడపండి అన్నారు. వద్దులెండి, మేము నడిచి వెళ్తాం అని నేను దిగబోయాను. అత్తగారు నా కొంగు పట్టుకుని ఆపారు.

"కూర్చో అమ్మాయ్. ఈసారి కళ్ళు తెరుచుకుని చూస్తాను, ఎలా నడుపుతావో."