బొంబాయి పోయిన గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. పని ముందుకు సాగనప్పుడల్లా మీరు 'ఎక్కడ వేసిన గొంగడి అక్కడే' అంటుంటారు. ఆ సామెత కట్టినవాడు నన్ను చూడలేదు. నేను బొంబాయి పోయి వచ్చాను. ఇప్పుడంటే పురుగు కొట్టి అటక మీద పడి ఉన్నాను గానీ, ఒకప్పుడు నేను ఒక సంసారానికి గోడను.

పుట్టింది కరీంనగర్ వైపు ఒక కురుమల వాడలో. గొర్రె వీపు మీద ఉన్ని కత్తిరించి, దానికి చలి మిగిల్చి, మనిషికి వెచ్చదనం చేసే న్యాయం మీ మనుషులది. ఆడవాళ్లు వడికారు, మగవాళ్లు నేశారు, చివరికి చింతగింజల గంజి పట్టించి ఎండలో ఆరబెట్టారు. ఆ గంజి వల్లే నాకింత బిరుసు. నన్ను కొత్తగా కప్పుకున్నవాడు నిద్రపోయేది తక్కువ, గోక్కునేది ఎక్కువ.

సాలెవాడలోని ఒక తల్లి చేతినేత చీర ఇచ్చి నన్ను తీసుకుంది. కొడుకు ఓదెలు బొంబాయి పోతున్నాడు. మిల్లు బట్ట వచ్చి వాళ్ల మగ్గాన్ని మూలకు కూర్చోబెట్టింది. అందుకని ఆ మిల్లులోనే కూలికి పోతున్నాడు. పెళ్లాం కొంరవ్వకు అప్పుడు మూడో నెల. గడప దగ్గర నిలబడి, నన్ను మడిచి మొగుడి భుజాన వేసింది. అందరూ చూస్తున్నారని ఒక్క మాటా మాట్లాడలేదు.

బొంబాయిలో మా వాళ్లుండే ఇంటిని చాల్ అనేవారు. నాలుగంతస్తులు, అంతస్తుకో పొడవాటి వరండా, వరండా పొడుగునా అగ్గిపెట్టెల్లాంటి గదులు. ఒక్కో గదిని ఖోలీ అంటారు. మా ఖోలీలో పదిహేనుమంది పడుచువాళ్లు, అందరూ మన వైపు వాళ్లే. అంతమందీ ఒక్కసారి పడుకోవాలంటే కొందరు గోడకు నిలబడి నిద్రపోవాలి. అందుకని వంతులు. రాత్రిపాళీకి పోయే ఓదెలు పగలు నన్ను కప్పుకునేవాడు. పగటిపాళీ లింబాద్రి రాత్రి కప్పుకునేవాడు. ఒకడి ఒంటి వేడి ఆరకముందే రెండోవాడు దూరేవాడు. నేను చల్లబడ్డ రోజు లేదు.

ఊరి నుంచి వచ్చినవాడెవడో ఒకనాడు మిల్లు గేటు దగ్గర ఓదెలుకు చెప్పాడు, "నీకు ఆడపిల్ల పుట్టిందట, పోయిందట" అని. రెండు వార్తలూ ఒక్క ఊపిరిలో. ఓదెలు వచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు. అందరూ నిద్రపోతున్నాడనే అనుకున్నారు. సాయంత్రం లింబాద్రి నన్ను చేతిలోకి తీసుకుని, తడి తగిలి ఆగాడు. తడిసిన వైపు పైకి తిప్పి కప్పుకున్నాడు.

ఆ మరుసటి ఏడు కొంరవ్వే బయల్దేరి వచ్చింది, తమ్ముడు సాయిలును తోడు తీసుకుని. ఖోలీ అంతా తలకిందులైంది. "ఆడోళ్లు ఊళ్లె ఉంటెనే ఇజ్జతు, గీడికెందుకన్నా?" అన్నాడు లింబాద్రి. అంటూనే పోయి తాడు తెచ్చి, ఒక మూలకు అడ్డంగా కట్టి, నన్ను దాని మీద వేలాడదీశాడు. నాకు ఇవతల సాయిలుతో కలిపి పదిహేనుమంది, అవతల ఇద్దరు. ఆ రోజు నుంచి లింబాద్రి వరండాలో గోనెసంచి కప్పుకుని పడుకున్నాడు.

గోడనయ్యానని నేను కాస్త మురిసిన మాట నిజమే. కానీ నేను చూపునైతే ఆపగలను గానీ మాటను ఆపలేను. కొంరవ్వ గాజు కదిలితే ఇవతల పాళీ లేనివాళ్ల దగ్గులు వినిపించేవి. ఓదెలు "అన్నం తిన్నవా?" అనేవాడు. ఆమె "తిన్న" అనేది. అంతే. రెండేళ్లు ఎదురుచూసిన ఇద్దరు మనుషులు పగలంతా అన్నం సంగతే మాట్లాడుకునేవారు. ఇక ఆమె తమ్ముడితో తేల్చి చెప్పింది.

"మాట్లాడుకునే జాగనే లేనికాడ నేనెందుకు తమ్మీ? నువ్వు పొయ్యేటప్పుడు నీతోనే వస్త."

మెల్లగానే అంది. అయినా నా ఇవతల దగ్గులన్నీ ఆగిపోయాయి.

మర్నాడు లింబాద్రి ఒక ప్రకటన చేశాడు. శనివారం రాత్రిపాళీ ఉండదు కాబట్టి, సాయంత్రం వరండాలో భజన. అందరూ రావాలి, ఓదెలు మాత్రం ఒంట్లో బాగా లేదు కాబట్టి లోపలే ఉండాలి. ఓదెలు ఒళ్లు రాయిలా ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అంతవరకూ దేవుడి పేరు తుమ్మితే తప్ప తలవని మనుషులు డోలక్ తెచ్చారు, తాళాలు తెచ్చారు, గొంతులు చించుకున్నారు.

అయితే కొంరవ్వ భక్తురాలు. భజన అనగానే తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, వరండాలోకి వచ్చి అందరికన్నా ముందు చేతులు జోడించి కూర్చుంది. లోపల నా వెనుక ఓదెలు ఒక్కడే గోడవైపు చూస్తూ మిగిలాడు. పాడేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'నువ్వు లోపలికి పో వదినే' అని ఎవరు చెప్పగలరు? ఏ నోటితో చెప్పగలరు? గొంతు బొంగురుపోయేదాకా పాడి ఊరుకున్నారు.

సాయిలు తిరుగు ప్రయాణం ఆ పై వారం, ఆదివారం నాడు. ముందురోజు మళ్లీ భజన మొదలైంది. కొంరవ్వ మళ్లీ బొట్టు పెట్టుకుంది. అప్పుడు ఎదురు ఖోలీలో ఉండే బూదవ్వ అడ్డం వచ్చింది. మా వాళ్లందరికీ వండిపెట్టే ముసలామె.

"దేవునికి చెవులున్నయి బిడ్డా, లోపట కూసున్నా ఇంటడు. వీళ్లు దేవుని కోసం పాడుతలేరు, నీ కోసమే. పో."

కొంరవ్వకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల వంచుకుని నా వెనక్కి వచ్చింది. బయట తాళాలు జోరందుకున్నాయి. ఓదెలు చాప అంచు పీకుతూ, కొంరవ్వ గాజులు తిప్పుకుంటూ కూర్చున్నారు. దొరికిన అవకాశం చేజారిపోతుందేమోనని నాకే గాభరా పుట్టింది.

"ఎట్లుండె?" అన్నాడు చివరికి ఓదెలు.

"నీ ముక్కే. నవ్వితె గడ్డం కింద సొట్ట వడేది."

"పేరేం పెట్టినవ్?"

"పెట్టలే. నువ్వొచ్చి పెడ్తవని ఆపిన. అందరు పెట్టమన్నరు, ఇరవై ఒకటో దినం దాటవెట్టిన. పేరు లేకుంటనే పోయింది."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది. ఊళ్లో అత్తముందు ఏడవలేదట, పుట్టింట్లో ఏడవలేదట. మొగుడికి చెప్పి ఏడవాలని దాచుకున్న ఏడుపది. గుడ్డ అడ్డం పెట్టుకోకుండా, బిగ్గరగా ఏడ్చింది. ఓదెలు కూడా ఏడ్చాడు. బయట పాట ఒక్క క్షణం తడబడింది. తాళాలు ఆగబోయాయి. వెంటనే లింబాద్రి గొంతు అందరినీ మించి లేచింది. రాగం తప్పింది, తాళం తప్పింది. ఆ పాట కన్నా మంచి పాట నేను వినలేదు.

తెల్లవారి కొంరవ్వ నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని వస్తూ గుమ్మంలో లింబాద్రిని ఆపింది. "నిన్న మీకు... లోపటి మాటలు ఏమన్న ఇనవడ్డయా?"

"మేం పాడుతుంటిమి గద వదినే. మాకేం ఇనవడుతది."

ఆమె లోపలికి వచ్చి, పొయ్యి ముట్టించి, తమ్ముడితో అంది. "నువ్వు పో తమ్మీ. నేనుంట."

సాయిలు ఇవతల మూట కట్టుకుంటున్నాడు. లింబాద్రి వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. మూట ముడి తాను పట్టుకుని బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు.

"మా ఊరు నీ తొవ్వలనే గద సాయిలూ. జెర మా ఇంట్ల దానికి చెప్పు. నేనొచ్చినంక ఆడ ఏమేం అయినయో, ఎవల్తోని చెప్పి పంపొద్దను. ఆమెనే వచ్చి చెప్పాలె."

నా వెనుక కొంరవ్వ గాజులు ఆగిపోయాయి. బియ్యం కడుగుతున్న చేత్తోనే నా అంచు పక్కకు జరిపి బయటకు చూసింది.

"తాడు శానా పొడుగున్నది లింబాద్రీ," అంది. "ఆ మూలకు ఇంకో గొంగడి వడతది."

ఆ ఖోలీలో ఇంకో చాపకే చోటు లేదు. ఆ సంగతి అక్కడున్న పదిహేనుమందికీ తెలుసు. ఒక్కడూ ఆ మాట అనలేదు.